పిల్లికి కొంకి పురుగులు – ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతి

కాణిపాకం చుట్టుపక్కల పల్లెల్లో చెనక్కాయల మూటలు ఇంట్లో వేసుకునేవారికి పిల్లి లేకుంటే గడవదు. ఎలుకలను పట్టే ఆ పిల్లి కొన్నాళ్లుగా చిక్కిపోయి, బొచ్చు రేగి, మూలన పడుకుంటోందా? దాని పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగుకు బదులు తెల్లగా పాలిపోయి ఉంటే, విరేచనం తారులాగా నల్లగా ఉంటే, కొంకి పురుగులను అనుమానించాలి.

ఇవి సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటాయి. చిన్న ప్రేగు గోడను కరచి పట్టుకుని రక్తం పీలుస్తాయి. పెద్ద పిల్లి కొంతకాలం తట్టుకుంటుంది గాని, కూనలు రక్తం లేక చనిపోవచ్చు.

పురుగు గ్రుడ్లు మలంతో బయటికి వస్తాయి. తడి, వెచ్చదనం ఉన్న మట్టిలో ఒకటి రెండు రోజుల్లో పొదిగి, సుమారు వారానికి చర్మాన్ని తొలుచుకుని పోగల పిల్ల పురుగులవుతాయి. పిల్లి కాళ్లు నాకినప్పుడో, ఎలుకను తిన్నప్పుడో కూడా ఇవి లోపలికి చేరుతాయి.

ఇక మన సంగతి. ఇల్లు కట్టడానికి తోలించిన ఇసుక కుప్ప పిల్లికి మరుగుదొడ్డి, మన పిల్లలకు ఆటస్థలం! ఆ ఇసుకలో వట్టి కాళ్లతో ఆడిన బిడ్డ పాదం మీద ఎర్రగా, వంకర టింకరగా, రోజురోజుకూ జరిగే గీత కనబడవచ్చు. విపరీతమైన దురద. చాలామంది తామర అనుకుని ఏదో ఆయింట్‌మెంటు రాసి ఊరుకుంటారు. దానివల్ల ప్రయోజనం లేదు. డాక్టరుకు చూపిస్తే నోటి మాత్రలతో నయమవుతుంది. పిల్లులు, కుక్కల్లో ఉండే ఒక రకం కొంకి పురుగు మనిషి ప్రేగుల్లోనూ పెరుగుతుంది. కలకత్తా ప్రాంతంలో దీనిని మనుషుల్లో కనుగొన్నట్లు 1972లోనే పరిశోధకులు ప్రకటించారు. 2015లో మొదలైన నులిపురుగుల దినాన బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మంచిదే. కాని మళ్లీ అదే ఇసుకలో ఆడితే మళ్లీ అంటుకోవచ్చు.

పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు పారతో ఎత్తి, పిల్లలు ఆడని చోట లోతుగా పాతిపెట్టండి. పురుగుకు వారం గడువు ఇవ్వకూడదన్నదే ఇందులోని కిటుకు. ఇసుక కుప్ప మీద పట్ట కప్పండి. పెరట్లో చెప్పులు వేసుకోండి.

పిల్లిని పశువుల ఆసుపత్రికి తీసుకువెళితే బరువును బట్టి మందు ఇస్తారు. రెండు మూడు వారాలకు మళ్లీ వేయించాలి, మొదటి మోతాదుకు దొరకని పిల్ల పురుగులు అప్పటికి ఎదిగి ఉంటాయి. మన మాత్రలు విరిచి వేయవద్దు. ముఖ్యంగా జ్వరానికి వాడే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.