తెలుగువారి ధాన్యపు కొలతలు

ధాన్యం, పప్పులు, పాలు, నూనె వంటి వాటిని ఘనపరిమాణాన్ని బట్టి కొలవడానికి తెలుగునాట వాడిన సాంప్రదాయిక ప్రమాణాలు గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి మొదలైనవి. ఇవి బరువును సూచించే తూనికలు కావు. పాత్రలో పట్టే పరిమాణాన్ని సూచించే కొలతలు. అందువలన ఒకే కుంచంతో కొలిచిన వడ్లు, బియ్యం ఒకే బరువు తూగవు.

ప్రమాణాలు

* 4 గిద్దలు = 1 సోల
* 2 సోలలు = 1 తవ్వ
* 2 తవ్వలు = 1 మానిక
* 2 మానికలు = 1 అడ్డ
* 2 అడ్డలు = 1 కుంచం
* 2 కుంచాలు = 1 ఇరస
* 2 ఇరసలు = 1 తూము
* 20 తూములు = 1 పుట్టి

ఈ లెక్కన ఒక పుట్టికి 80 కుంచాలు, అనగా 320 మానికలు. అయిదు తూములను ఏదుము అనీ, పది తూములను పందుము అనీ అంటారు. చిన్న కొలతలలో ఎక్కువ భాగం సగం చేసుకుంటూ పోయేవే కావడం వలన, లెక్కలు రానివారు కూడా ధాన్యాన్ని సులువుగా పంచుకోగలిగేవారు.

కొలిచే విధానం

కొలపాత్రలను ఇనుము, ఇత్తడి, కొయ్యలతో చేసేవారు. ధాన్యాన్ని పాత్ర అంచుకు సమంగా చదును చేసి కొలవడం ఒక పద్ధతి, పైన రాశిగా నిలిచేటట్లు పోసి కొలవడం మరొక పద్ధతి. కళ్లంలో కొలిచేటప్పుడు మొదటి కొలతను "ఒకటి" అనక "లాభం" అని, తరువాత "రెండు", "మూడు" అని లెక్కించడం ఆచారం.

హెచ్చుతగ్గులు

పేర్లు ఒకటే అయినా, పాత్రల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. కౌలు, కూలి ధాన్యరూపంలో చెల్లించే రోజులలో ఈ తేడా చాలా ముఖ్యమైనది. కుంచానికి 64 గిద్దలు. కొలిచే కుంచం ఒక్క గిద్ద పెద్దదైతే, పుట్టికి 80 గిద్దలు, అనగా 5 మానికల ధాన్యం అదనంగా పోతుంది. పది పుట్ల కౌలుపై ఈ నష్టం 3 తూములకు మించుతుంది. కూలి కొలిచే పాత్ర చిన్నదైతే నష్టపోయేది కూలివాడు. కనుక ఎంత ఇవ్వాలనే దానితో పాటు, ఏ కుంచంతో, ఏ పద్ధతిలో కొలవాలనేది కూడా ముందుగా తేల్చుకోవలసి వచ్చేది.

భూమి కొలతగా

మధ్యయుగపు శాసనాలలో దానమిచ్చిన భూములను కూడా పుట్లు, తూములలో పేర్కొన్నారు. ఇటువంటి చోట్ల పుట్టి అనేది ధాన్యపు రాశి కాదు, భూమి విస్తీర్ణం.

ప్రస్తుత స్థితి

భారతదేశంలో 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1962 నాటికి మెట్రిక్ పద్ధతి తప్పనిసరి అయింది. ధాన్యాన్ని కిలోలు, క్వింటాళ్లలో తూచడం మొదలైన తరువాత పాత కొలతలు వ్యాపారం నుండి తొలగిపోయాయి. అయినా సోలెడు, మానెడు, కుంచెడు వంటి మాటలు, "పుట్టెడు దుఃఖం" వంటి పలుకుబడులు భాషలో నిలిచి ఉన్నాయి.