చుక్కాని మొరాయించిన వేళ

రాయ్‌పూర్‌లో మెరైన్ డ్రైవ్ ఉంది, సముద్రమే లేదు. తెలీబాంధా చెరువు గట్టుకు జనం ముచ్చటపడి పెట్టుకున్న పేరది. అసలు సముద్రం చూడాలంటే ఇక్కడి తెలుగువారు రైలెక్కి రాయగడ, విజయనగరం మీదుగా విశాఖలో దిగాల్సిందే. ఆ విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి 2017-18లో తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చారు. నౌకాదళం పంపిన ఆరుగురు మహిళా అధికారుల బృందంలో ఈ ఇద్దరూ ఉన్నారు. నాయకురాలు ఉత్తరాఖండ్‌కు చెందిన వర్తికా జోషి. పడవ పేరు తారిణి.

ఆ ఘనత గురించి పత్రికలు చాలానే రాశాయి. ఒక్క వాక్యంలో తేల్చేసింది మాత్రం మారిషస్ సంగతి.

2017 సెప్టెంబరు 10న నాటి రక్షణ మంత్రి, తెలుగింటి కోడలు నిర్మలా సీతారామన్ గోవాలో జెండా ఊపగా తారిణి బయల్దేరింది. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్... మజిలీలు నాలుగే. 2018 మార్చిలో కేప్‌టౌన్ వదిలేసరికి గండాలన్నీ గడిచినట్టే అనిపించింది. లీవిన్, హార్న్, గుడ్‌హోప్ అగ్రాలు మూడూ వెనకబడ్డాయి. ఇక మిగిలింది ఇంటిదారే. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ వ్యవస్థలో లోపం తలెత్తింది. ఏప్రిల్‌లో పడవ జాబితాలో లేని అయిదో రేవుకు, మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు మళ్లింది.

చెరువులో పెడల్ బోటు మొరాయిస్తే గట్టు మీదివాణ్ని కేకేస్తే చాలు. సముద్రంలో అలా కుదరదు. తెరచాప పడవను నడిపిస్తే దానికి దారి చూపేది చుక్కాని. అలలు వెనక నుంచి తోస్తున్నప్పుడు దాని పట్టు తప్పితే పడవ గిర్రున అడ్డం తిరుగుతుంది. పక్కభాగం అలకు అప్పగించిందా, ఒరిగిపోతుంది. సుమారు 17 మీటర్ల పొడవున్న ఆ పడవే ఆరుగురికీ వంటిల్లు, పడకగది, కార్యాలయం. ఒరిగితే అన్నీ ఒరుగుతాయి.

మారిషస్‌లో ఇది చిన్న అవాంతరమే. ఆగడానికి రేవుంది, బాగు చేయించుకునే వీలుంది. మరి అదే లోపం మూడు నెలల ముందు వచ్చి ఉంటే? లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీల మధ్య పసిఫిక్ దక్షిణ కొసలో గాలి వేగం గంటకు 140 కి.మీ. దాటింది. అక్కడ వారాల తరబడి రేవన్నదే ఉండదు. ప్రమాదం చిన్నదా పెద్దదా అన్నది విరిగిన వస్తువు కంటే అది విరిగిన చోటును బట్టే తేలుతుంది.

నిబంధనల సంగతీ అంతే. 2012-13లో అభిలాష్ టామీ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టారు. ఆయన రేవులో ఆగితే యాత్ర అక్కడితో సరి. మజిలీలు ముందే అనుకున్న తారిణికి మాత్రం పోయింది కొన్ని రోజులే. అయితే ఆ రోజులకూ విలువ ఉంది. మే దాటితే అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవనాలు ఎదురవుతాయి. ఆ ఏడు రుతుపవనాల కంటే ముందే తుపాన్లు వచ్చాయి. గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో పుట్టిన సాగర్ మే 19న సోమాలియా తీరాన్ని తాకింది. మే 21న తారిణికి గోవాలో స్వాగతం పలుకుతున్న రోజే అరేబియా సముద్రంలో మరో వాయుగుండం మొదలైంది. అదే మెకును తుపానై నాలుగు రోజుల తర్వాత ఒమన్ మీద విరుచుకుపడింది.

మొత్తం 254 రోజుల యాత్రలో 199 రోజులు నీటి మీదే, 21,600 నాటికల్ మైళ్లు. స్వాగత సభలో అందరి నోటా ఈ అంకెలే.

ఆ సెప్టెంబరులోనే టామీ మరో పోటీలో ఉండగా హిందూ మహాసముద్రంలో తుపాను ఆయన పడవ కొయ్యను విరిచేసింది. వెన్నుకు దెబ్బతగిలి కదల్లేని ఆయన్ను ఫ్రెంచి నౌక ఒకటి కాపాడింది. ఆయనే 2023లో అదే పోటీని రెండో స్థానంలో ముగించారు.

తారిణి కూడా మళ్లీ బయల్దేరింది. 2024 అక్టోబరు 2న ఈసారి ఇద్దరే, దిల్నా, రూపలతో గోవా వదిలి 2025 మే 29న తిరిగొచ్చింది. మజిలీలు అవే నాలుగు. పోర్ట్ లూయిస్ దాకా మళ్లాల్సిన అవసరం రాలేదు.