బిరుదులు – సంబోధనలు

విశాఖపట్టణమునకు నైఋతి దిశయందు దువ్వాడ అను రైలుస్టేషను కలదు. దాని దాపున ఒకవైపు ఉక్కు కర్మాగారమును, మఱియొకవైపు ఎగుమతుల కొఱకై ఏర్పడిన ప్రత్యేక ఆర్థిక మండలియు వెలసినవి. కావున మంత్రులు, ఉన్నతోద్యోగులు, విదేశ ప్రతినిధులు ఈ ప్రాంతమునకు వచ్చుచుందురు. అట్టివారు వచ్చునపుడు స్వాగతపత్రము వ్రాయువానికి మొట్టమొదట కలుగు చిక్కు ఒక్కటే. వచ్చువారిని ఏమని పిలువవలెను? "గారు" అన్న చాలునా? "గౌరవనీయులు" అనవలెనా? "మహామహిమ" అనవచ్చునా? ఒక్క మాట తగ్గినచో అవమర్యాద. ఒక్క మాట హెచ్చినచో ముఖస్తుతి.

మన పూర్వులు ఈ చిక్కును సులభముగనే దాటిరి. గౌరవింపదగిన వారెవరికి ఉత్తరము వ్రాసినను "మ.రా.రా.శ్రీ" అని మొదలుపెట్టెడివారు. "మహారాజరాజశ్రీ" అను దానికి అది సంక్షేపము. మదరాసు రాజధాని కాలమున దొరతనమువారి యుత్తరములందు సైతము ఇది వాడుకలో నుండెను. తాలూకా కచ్చేరిలోని యుద్యోగియు, ఊరిలోని పెద్దరైతును కాగితముమీద మహారాజులే యైరి! ఇంతమందికి పంచిపెట్టిన బిరుదు ఎవరికిని బరువు కాదు గదా. కాని అధికారియొద్దకు పోవు అర్జీ త్రోవ వేఱు. "ఏలినవారి దివ్యసముఖమునకు" అని మొదలై "చిత్తగించవలెను" అని ముగియు ఆ వ్రాతలో వ్రాయువాడు సేవకుడు, చదువువాడు ప్రభువు. అడుగునది న్యాయమైన కోరికయే యైనను, అది యాచనవలెనే కనబడెడిది.

ఆంగ్లేయులు సంబోధనలను మెట్లుగ కట్టిరి. వైస్రాయికిని, రాష్ట్ర గవర్నర్లకును "ఎక్సెలెన్సీ" చెల్లెను. పెద్ద సంస్థానాధీశులకు "హైనెస్" అను గౌరవ ముండెను. హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను మొదటి ప్రపంచ యుద్ధమున ఆంగ్లేయులకు ధనసహాయము మెండుగ చేసెను. అందుకు ప్రతిఫలముగ 1918లో అతనికి "ఎగ్జాల్టెడ్ హైనెస్" అను సంబోధన లభించినది. ఇతర సంస్థానాధీశు లెవరికిని ఇది లేదు. అట్టి నిజామే 1950 జనవరి 26 మొదలు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడుగ నుండి, రాజ్యాంగమునకు లోబడి పనిచేసెను.

ఆ రాజ్యాంగముయొక్క 18వ అధికరణము బిరుదులకు స్వస్తి చెప్పినది. సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలు తప్ప వేఱు బిరుదులను రాజ్యము ఎవరికిని ఈయరాదు; విదేశములిచ్చు బిరుదులను పౌరులు స్వీకరింపరాదు. ఈ భేదమును గ్రహించుటకు విశాఖపట్టణమునకు సన్నిహితుడైన ఒక మహనీయుని జీవితము చాలును. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడయ్యెను. ఆ యేడే ఆంగ్ల ప్రభుత్వము ఆయనకు "సర్" బిరుదము నిచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆయన దానిని వాడుట మానెను. "డాక్టర్" అను మాట మాత్రము నిలిచినది. ఒకటి రాజు దయవలన వచ్చినది, రెండవది విద్యవలన వచ్చినది. భారతరత్న, పద్మ పురస్కారములు బిరుదులు కావనియు, వానిని పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదనియు 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆహ్వానపత్రికలు అచ్చువేయించువారు ఈ తీర్పును తఱచుగ మఱచుచుందురు.

బిరుదులు పోయినను సంబోధనలు వెంటనే పోలేదు. 2006లో భారత న్యాయవాద మండలి, న్యాయమూర్తులను "మై లార్డ్" అనుట వలసపాలన శేషమని చెప్పి, "యువర్ ఆనర్" వంటి మాటలను సూచించెను. అయినను పాత మాట న్యాయస్థానములలో నేటికిని వినబడుచునే యున్నది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ తనను "ఎక్సెలెన్సీ" అనవలదని నిర్ణయించెను. హిందీలో "మహామహిమ" స్థానమున "రాష్ట్రపతి మహోదయ" వచ్చెను. రాష్ట్రపతి, గవర్నరు అను పదవులకు ముందు "గౌరవనీయ" అనియు, పేరునకు ముందు "శ్రీ" లేక "శ్రీమతి" అనియు చేర్చిన చాలునని నియమ మేర్పడెను. విదేశీయులతోడి వ్యవహారములలో మాత్రము "ఎక్సెలెన్సీ"ని ఉంచిరి.

అక్కడ ఎందు కుంచిరి? రాయబారికిచ్చు గౌరవము ఆ మనుష్యునికి కాక, అతనిని పంపిన దేశమునకు చెందును. ఈ విషయమై పూర్వము ఘోరమైన తగవులు జరిగినవి. 1661లో లండన్ నగరమున స్వీడన్ రాయబారి ప్రవేశోత్సవమునందు ఫ్రాన్సు బండి ముందు పోవలెనా, స్పెయిను బండి ముందు పోవలెనా అను వాదము కొట్లాటయై, కొందఱు ప్రాణములు గోల్పోయిరి. 1815లో వియన్నాలో కూడిన రాజ్యములు దీనికొక ఉపాయము కనుగొనినవి. సమాన హోదాగల రాయబారులలో ముందుగ వచ్చిన వానిదే ముందు స్థానము. దేశము పెద్దదా చిన్నదా అని చూడనక్కఱలేదు. అదే నగరమున 1961లో కుదిరిన ఒప్పందము ఈ సూత్రమునే నిలబెట్టెను.

కామన్వెల్తు దేశములు పరస్పరము పంపుకొను ప్రతినిధి పేరు రాయబారి కాదు, హైకమిషనరు. వానిలో పెక్కింటికి రాజొక్కడే యగుటచే, ఆ రాజు తనకు తానే రాయబారిని పంపుకొనుట పొసగదు. తర్వాతి కాలమున రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరి సింహళమున మన హైకమిషనరుగ పనిచేసెను. రాధాకృష్ణన్ మాస్కోలో రాయబారిగ నుండెను. పేర్లు వేఱైనను హోదా ఒక్కటే.

2016 ఫిబ్రవరిలో విశాఖ సముద్రతీరమున అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినది. సుమారు 50 దేశముల నౌకాదళములు పాల్గొనెను. నౌకల వందనమును స్వీకరించినది "మహామహిమ"ను వలదన్న ప్రణబ్ ముఖర్జీయే.

ఇక దువ్వాడ విద్యార్థి జిల్లా కలెక్టరునకు విన్నపము వ్రాయదలచెనను కొందము. "గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి" అని మొదలుపెట్టవచ్చును. పేరు చేర్చినచో "శ్రీ" లేక "శ్రీమతి" ముందుంచి, "గారు" వెనుక నుంచవలెను. ఏలినవారును, దివ్యసముఖమును అక్కఱలేదు. అటుపిమ్మటి వాక్యములోనే బడిత్రోవలోని కాలువకు వంతెన కావలెనన్న సంగతి వ్రాయవచ్చును.