ఈ సమ్మర్‌లో జాగ్రఫీ

జాగ్రఫీ టెన్త్‌తోనే వదిలిపోయిందనుకున్నా. రాజధానులు బట్టీపట్టాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం. ఈ సెలవుల్లో దాన్ని కొత్తగా చూడ్డానికి మూడు దారులున్నాయి.

ఒకటి, ఎగ్జిబిషన్. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం ఉంది. పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి అంటే మన తెలంగాణలో, ప్రాణహిత-గోదావరి లోయలో ఉన్న ఊరే! శిలాజాలు దొరికింది అక్కడే.

రెండోది, కోర్సు. డెహ్రాడూన్‌లో ఉన్న ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్, రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ మీద ఆన్‌లైన్‌లో ఫ్రీగా పాఠాలు చెప్తుంది. పచ్చటి ఆకులు మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని బాగా వెనక్కి పంపిస్తాయి, నీళ్లేమో దాదాపు మింగేస్తాయి. అందుకే కొన్ని శాటిలైట్ బొమ్మల్లో పొలం ఎర్రగా, చెరువు నల్లగా కనిపిస్తుంది.

మూడోది, మ్యాపథాన్. అంటే అందరూ కూర్చుని శాటిలైట్ బొమ్మ చూస్తూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్లు, ఇళ్లు గీయడం. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ని ఎవరైనా దిద్దొచ్చు. 2010లో హైతీ భూకంపమప్పుడు వాలంటీర్లు ఇలా గీసిన మ్యాపే సహాయక బృందాలకి దారి చూపించింది. ఇందులో తెలుగు పేరు రాయడానికి వేరే గడి కూడా ఉంది. వేరే కంపెనీల మ్యాప్ చూసి మాత్రం కాపీ కొట్టకూడదు.

మా అమ్మమ్మకి ఫోన్ చేసి ఊళ్లో చెరువు పేరు అడిగా. చెరువుతో పాటు నాలుగు కుంటల పేర్లూ చెప్పింది. రెండు కుంటలు పూడిపోయాయట. ఆ పేర్లు ఇంకా ఏ మ్యాప్‌లోనూ నాకు కనపడలేదు. అమ్మమ్మ తర్వాత అవి ఎవరికి గుర్తుంటాయి?

మీరూ ఊరెళ్తే అడిగి రాసుకోండి. గీయడం తర్వాతైనా నేర్చుకోవచ్చు.