డిఫెన్స్ ఆడే పిల్లవాడిలో స్కౌట్ ఏం చూస్తాడు?



ఈ వారం మన కబుర్లకి కారణం ఖతార్‌లోని ముఐథర్ నించి వచ్చిన ఒక ప్రశ్న. అక్కడుండే ఒక తల్లి అడిగారు: "మా వాడికి పదమూడేళ్ళు. ఇంటికి దగ్గర్లోనే, విలాజియో మాల్లో ఉన్న మంచు మైదానంలో ఐస్ హాకీ నేర్చుకున్నాడు. డిఫెన్స్ ఆడతాడు. ఒకాయన వాడి ఆట చూసి, కెనడా పంపండి, ప్రొఫెషనల్ అవుతాడు అన్నారు. అప్పటినించీ మావారికి నిద్ర లేదు. గుంటూరులో స్థలం అమ్మేద్దామంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

స్థలం సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆట సంగతి.

ఎడారిలో ఐస్ హాకీ ఏమిటని నవ్వకండి. ఖతార్ 2012లోనే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. 2025లో ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన భారత మహిళల జట్టు కాంస్య పతకం గెలిచింది. ముఐథర్ పక్కనే ఉన్న ఆస్పైర్ అకాడమీలో ఫుట్‌బాల్ నేర్చుకున్న మలయాళీ కుర్రాడు తహ్సీన్ మొహమ్మద్ జంషీద్ 2024లో ఏకంగా ఖతార్ జాతీయ జట్టుకే ఆడాడు. కాబట్టి కల కనడంలో తప్పు లేదు. కాకపోతే కలకి కొలత ఉండాలి.

కొలత ఇదీ. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్ఎల్ లీగులో 32 జట్లు. ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, మొత్తం 224 మంది ఎంపిక. ఇది ప్రపంచం మొత్తానికి. ఆ సంవత్సరం సెప్టెంబర్ 15 నాటికి పద్ధెనిమిదేళ్ళు నిండాలి. అంటే పదమూడేళ్ళవాడి గురించి ఎవరు ఏం చెప్పినా అది జోస్యమే.

మరి స్కౌట్ ఏం చూస్తాడు? గోల్ కొట్టేవాడిని అందరూ చూస్తారు. డిఫెన్స్ ఆడేవాడు మన క్రికెట్లో వికెట్‌కీపర్ లాంటివాడు. బంతి వదిలేసినప్పుడే గుర్తొస్తాడు. అందుకే స్కౌట్ పక్ వెంట చూపు పోనివ్వడు. ఒక్క పిల్లవాడినే ఎంచుకుని, వాడు మంచు మీద ఉన్న ముప్పావు నిమిషమూ వాడినే చూస్తాడు.

మొదట చూసేది కాళ్ళు. ముందుకి పరిగెత్తడం చాలామందికి వచ్చు. వెనక్కి జారుతూ, ఎదుటివాడు పక్కకి తిరగ్గానే వేగం తగ్గకుండా ముందుకి తిరగడం, అదీ రెండువైపులా తిరగడం, అదే అసలు విద్య. చాలామంది పిల్లలు ఒకవైపే బాగా తిరుగుతారు. ఎదుటివాళ్ళు ఆ సంగతి పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు.

రెండోది దూరం. కబడ్డీలో కూతకి వచ్చినవాడికి మరీ దగ్గరగా పోతే తాకి పోతాడు, మరీ దూరంగా ఉంటే పట్టుకోలేం. ఇక్కడా అంతే. పక్ తెచ్చేవాడికీ తనకీ మధ్య ఒక కర్ర, కర్రన్నర దూరం ఉంచి, వాణ్ణి గోడవైపు నెట్టుకుపోవాలి. చూపు పక్ మీద కాదు, వాడి ఛాతీ మీద ఉండాలి. పక్ మోసం చేస్తుంది, ఛాతీ చెయ్యదు.

మూడోది మెడ. పక్ మన మూలకి వచ్చిపడింది, మన పిల్లవాడు తేవడానికి వెళుతున్నాడు. దాన్ని ముట్టుకునే ముందు భుజం మీదుగా ఒకటి రెండుసార్లు వెనక్కి చూశాడా? చూసినవాడికి తరవాత ఎక్కడికి ఇవ్వాలో ముందే తెలుసు. చూడనివాడు కంగారుపడి గోడకేసి కొడతాడు. ఈ ఒక్క అలవాటుతో బుర్ర ఎలా పనిచేస్తోందో తెలిసిపోతుంది. అక్కణ్ణించి మొదటి పాస్ తోటివాడి కర్రకి నేరుగా అందిందా అన్నది నాలుగోది.

ఐదోది తప్పు చేశాక ఏం చేస్తాడన్నది. వాడివల్ల గోల్ పడింది. తరవాతిసారి మంచు మీదకి వచ్చినప్పుడు దాక్కుంటున్నాడా, మళ్ళీ పక్ అడుగుతున్నాడా? మంచి స్కౌట్ ఒక్క ఆట చూసి తేల్చడు. సొంత ఊళ్ళో, పైవూళ్ళో, గెలిచినరోజూ, ఓడినరోజూ చూస్తాడు.

ఇప్పుడు వయసు సంగతి. కెనడాలో 1980లలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గమనించిన విషయం ఒకటుంది. పెద్ద జట్లకి ఎంపికైన కుర్రాళ్ళలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్ళే ఎక్కువ. వాళ్ళేం గొప్పగా పుట్టలేదు. ఆ ఏడాది పిల్లలందరినీ ఒకే గుంపులో వేస్తే, జనవరివాడు డిసెంబర్‌వాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. పదమూడేళ్ళప్పుడు ఆ ఏడాది చాలా కనిపిస్తుంది. మీ వాడు అందరికన్నా పొడుగని మెచ్చుకున్నారా, లేక ఆట చదవగలడని మెచ్చుకున్నారా? మొదటిది రెండేళ్ళలో కరిగిపోవచ్చు.

పైగా డిఫెన్స్ ఆటగాళ్ళు ఆలస్యంగా పండుతారు. ఏడుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా నారిస్ ట్రోఫీ అందుకున్న స్వీడన్ ఆటగాడు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ని 1989లో 53వ స్థానంలో తీసుకున్నారు. జ్దేనో హారాని 1996లో 56వ స్థానంలో. మార్క్ జియోర్డానోని అసలు ఏ జట్టూ ఎంచుకోలేదు. ఆయన 2019లో అదే ట్రోఫీ అందుకున్నాడు. 2017లో నాలుగో స్థానంలో ఎంపికైన కేల్ మకార్ కూడా వెంటనే లీగుకి పరిగెత్తలేదు. రెండేళ్ళు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి ఆడాకే వెళ్ళాడు.

చదువు మాట వచ్చింది కనక ఇదీ వినండి. కెనడాలోని మేజర్ జూనియర్ లీగుల్లో ఆడితే అమెరికా కళాశాల హాకీ తలుపు మూసుకుపోయేది. 2024లో నిబంధన మార్చారు, 2025 ఆగస్టు నించి ఆ తలుపు తెరిచారు. తొందరపడి ఇదా అదా అని తేల్చుకోవలసిన అవసరం తగ్గింది.

ఇక ఆ తల్లిగారికి నా మాట. అమ్మా, ఆయన్ని మూడు ప్రశ్నలు అడగండి. మీరు ఏ జట్టు కోసం చూస్తున్నారు? మా వాణ్ణి ఎన్ని ఆటల్లో చూశారు? వాడిలో లోపం ఏమిటి? మూడోదానికి జవాబు లేనివారు వాణ్ణి సరిగ్గా చూడలేదన్నమాట. ఇంకో సంగతి, స్కౌట్‌కి జీతమిచ్చేది జట్టు. మీ దగ్గర డబ్బు అడిగితే ఆయన ఆటగాణ్ణి వెతకడం లేదు, శిక్షణ శిబిరం అమ్ముతున్నారు. శిబిరం మంచిదే కావచ్చు, కాని దానికి స్థలం అమ్మక్కర్లేదు.

ఈ ఏడాది మీరు చెయ్యగలిగినది చవక పని. మైదానంలో ఎత్తైన చోట నిలబడి మీ వాణ్ణి మాత్రమే, పక్ లేనప్పుడు కూడా, వీడియో తియ్యండి. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు భుజం మీదుగా చూశాడో వాడిచేతనే లెక్కపెట్టించండి. ఆర్నెల్ల తరవాత మళ్ళీ లెక్కపెట్టండి. అంకె పెరిగితే వాడు ఎదుగుతున్నాడు. పెరగకపోయినా, మంచు మీదనించి వచ్చేటప్పుడు వాడి మొహం చూడండి. ఆ నవ్వు ఉన్నంతకాలం ఆడనివ్వండి.

గుంటూరు స్థలం ఎక్కడికీ పోదు. పద్ధెనిమిదేళ్ళు నిండడానికి ఇంకా ఐదేళ్ళుంది.

సెలవు.