విద్యుత్తుచే రోమనిర్మూలనము: ఫలితమును కనుగొనుట యెట్లు?

ముఖముమీద మొలచు అవాంఛిత రోమములను విద్యుత్తుచే నిర్మూలించు చికిత్సనుగూర్చి ప్రసంగింపదలచితిని. చికిత్స చేయు విధానముకంటె, అది ఫలించినదో లేదో తెలిసికొనుట యెట్లను ప్రశ్నయే నాకు ముఖ్యము. ఏలయన, చర్మవైద్యుడనైన నాయొద్దకు వచ్చు స్త్రీలలో పెక్కండ్రు “ధనము పోయినది, నొప్పి మిగిలినది, వెంట్రుకలు మరల వచ్చినవి” అందురు. వారిలో కొందరి మాట నిజము. కొందరిది నిజము కాదు. ఈ భేదము తెలియకపోవుటచే మంచి చికిత్సను నడుమ మానివేసినవారును గలరు, ఫలములేని చికిత్సను ఏండ్లతరబడి సాగించినవారును గలరు.

ఈ పద్ధతి అలంకారముకొరకు పుట్టినది కాదు. కనురెప్పల వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగ్రుడ్డును రాయుచుండు వ్యాధి యొకటి గలదు. మన ఆయుర్వేదమున దానికి పక్ష్మకోపమని పేరు. అట్టి వెంట్రుకను పెరికివేసినను మరల మొలచి కంటిని బాధించును. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున చార్లెస్ మిచెల్ అను నేత్రవైద్యుడు, సన్నని సూదిద్వారా విద్యుత్తును పంపి ఆ వెంట్రుక మూలమును నశింపజేసిన విధమును ప్రకటించెను. ముఖమునకు చేయు చికిత్స దానినుండి వచ్చినదే.

సూదిని వెంట్రుక వెంబడి రోమకూపములోనికి దింపుదురు. సూది ఋణధ్రువము, రోగి చేత పట్టుకొను కడ్డీ ధనధ్రువము. విద్యుత్తు ప్రవహించినపుడు కూపమందలి ఉప్పునీరు విడివడి, సూదిచుట్టు తీవ్రమైన క్షారము పుట్టును. సుశ్రుతుడు క్షారకర్మమని చెప్పినదానిని ఇచట విద్యుత్తు కూపములోపలనే జరుపుచున్నదనవచ్చును. పుట్టెడి క్షారపు పరిమాణము విద్యుత్తు బలమునుబట్టియు, అది ప్రవహించిన కాలమునుబట్టియు ఉండును. అర మిల్లీయాంపియరు అరువది సెకండ్లలో చేయు పనిని ఒక మిల్లీయాంపియరు ముప్పది సెకండ్లలో చేయును. పిమ్మట, వేడిచే మూలమును కాల్చు పద్ధతియు, రెండింటిని కలిపిన పద్ధతియు వచ్చినవి.

నశింపవలసినది ఏది? వెంట్రుక అడుగుననున్న అంకురమే సర్వమని పూర్వము తలచెడివారు. కూపపు గోడలో కొంత పైభాగమున ఒక చిన్న ఉబ్బు గలదనియు, క్రొత్త వెంట్రుకను పుట్టించు మూలకణములు అందున్నవనియు 1990లో శాస్త్రజ్ఞులు చూపిరి. కావున అడుగుభాగము మాత్రమే చెడి, ఉబ్బు మిగిలినచో, వెంట్రుక మరల రావచ్చును. మరల వచ్చునది తరచుగా మునుపటికంటె సన్నగా నుండును.

ఇక కాలముమాట. ప్రతి రోమకూపమునకును మూడు దశలు గలవు: వృద్ధి, క్షీణము, విశ్రాంతి. తలమీది వెంట్రుకకు వృద్ధిదశ రెండు మొదలు ఆరేండ్లవరకు సాగును. పైపెదవిమీద కొన్ని నెలలే. ఏనాడు చూచినను కొన్ని కూపములు మాత్రమే పైకి వెంట్రుకను చూపును. మిగిలినవి నేలలోని విత్తులవలె కంటికి కానరావు. కనబడని దానికి చికిత్స చేయుట సాధ్యము కాదు.

దీనిని లెక్కతో చూతము. సంఖ్యలు సౌకర్యముకొరకు కల్పించుకొన్నవి. ఒకచోట 200 కూపములు గలవనుకొందము. మొదట 120 వెంట్రుకలు కనబడినవి. అన్నింటికిని చికిత్స జరిగినది. నూటికి డెబ్బది చొప్పున, అనగా 84, శాశ్వతముగా నశించినవి. మిగిలిన 36 కొన్ని నెలలకు మరల వచ్చును. మొదట దాగియున్న 80 కూడ ఆ నెలలలో క్రమముగా పైకి వచ్చును. మొత్తము 116! మొదట 120, ఇప్పుడు 116: చికిత్స వృథా యని ఆమె అనుకొనుటలో వింత యేమున్నది? కాని ఆ 116 వెంట్రుకలకు అదే విధముగా చికిత్స జరిగినచో 35 మాత్రమే మిగులును. అనగా, మంచి చికిత్సయే మొదటి నెలలలో చెడ్డదానివలె కనబడును. మానివేయుట సాధారణముగా ఆ నెలలలోనే జరుగును.

కాబట్టి తిరిగి వచ్చిన వెంట్రుకలన్నియు ఒకే తెగకు చెందినవి కావు. రెండు మూడు దినములలో కనబడునవి అప్పటికే చర్మము క్రింద పెరుగుచుండినవో, చికిత్సలో తెగి మూలము మిగిలినవో కావచ్చును. వారములకు క్రమముగా వచ్చునవి చాలవరకు విశ్రాంతినుండి లేచినవి. కొన్ని నెలలకు అదే కూపమునుండి వచ్చునదియే నిజమైన పునరుద్భవము. ఇవిగాక నాల్గవది కలదు: శరీరమందలి పురుష హార్మోనులు హెచ్చి, మెత్తని నూగు ముదిరి నల్లని వెంట్రుకయగుట. ఋతుక్రమము తప్పుచున్నను, గొంతు మారుచున్నను, వెంట్రుకలు హఠాత్తుగా పెరిగినను, సూదివానికంటె ముందు వైద్యుని చూడవలెను.

ఫలితమును కొలుచుటకు మంచి సాధనము గడియారము. ఒక చోటును పూర్తిగా శుభ్రపరచుటకు ఎన్ని నిమిషములు పట్టినదో, తేదీతో వ్రాసికొనుడు. ఎప్పుడును అదే చోటు, అదే యంత్రము, వీలైనంతవరకు అదే చేయి. ఒకే వెలుతురులో, ఒకే దూరమునుండి ఛాయాచిత్రము తీయించుడు. నడుమ దారముతో లాగించరాదు, పట్టుకారుతో పెరుకరాదు. పెరికినచో కూపముల కాలము తారుమారగును, లెక్క చెడును. కత్తిరించుటవలన దోషము లేదు.

ఒక ఉపాధ్యాయిని నాకు తన పుస్తకమును చూపినది. పమిటచెంగు గడ్డముమీదనుండి తీయక మాటాడు మనిషి. ఇక మానివేయుదునని చెప్పుటకే వచ్చినది. పుస్తకములో మొదటి మాసమున 50 నిమిషములు, ఆరవ మాసమున 34, తొమ్మిదవ మాసమున 19 అని యుండెను. ఆమె ప్రతిదినము అద్దమును చూచినదికాని అంకెలను వరుసగా చూడలేదు. “అమ్మా, మీ పుస్తకమే మీకు సమాధానము చెప్పుచున్నది” అంటిని. ఆమె చికిత్సను సాగించినది.

అంకెలు తగ్గకున్నచో? తొమ్మిది పండ్రెండు మాసములు క్రమముగా జరిగినను నిమిషములు తగ్గనియెడల, చికిత్స చాలకుండుటయో, కారణము శరీరములోపల నుండుటయో పరీక్షింపవలెను. చికిత్స పొందిన వెంట్రుక పట్టుకారుకు తేలికగా జారిరావలెను. చిటుక్కున లాగినట్లున్నచో అది పెరికినదే. అయితే జారివచ్చినంతమాత్రమున మూలము నశించెనని తీర్మానింపరాదు, తీర్పు కాలమునదే. చికిత్స మితిమీరినచో గుంటలు పడును. మనవంటి చామనచాయవారికి నల్లమచ్చలు చాలకాలము నిలుచును. ప్రతివారికి క్రొత్త సూదినే వాడవలెనని పట్టుపట్టుడు.

ఒక్క మారుతో, ఒక్క మాసముతో సర్వము పోవునని వాగ్దానము చేయువానిని నమ్మకుడు. అంతకంటెను, మొదటి రెండు మాసములలో అద్దము చెప్పు నిరుత్సాహవాక్యమును నమ్మకుడు. తేదీలు వేసిన చిన్న పుస్తకము ఈ యిద్దరికంటెను సత్యము పలుకును.