అక్షింతల పురుగు - దాని ఛాయాచిత్రము

చిక్కుడుపాదునకు పేనుబంక పట్టిన దినములలో, ఎఱ్ఱని వీపుపై నల్లని చుక్కలుగల చిన్న పురుగొకటి యాకులపై తిరుగుచుండుట సోదరీమణు లందఱును చూచియే యుందురు. దానిని మనము అక్షింతల పురుగందుము. కుంకుమబొట్టంత యుండును. దాని ఫొటో తీయవలెనని మా పదేండ్ల కుమారుడు గడచిన పుష్యమాసమున పట్టుపట్టెను. చేతిఫోనునకు తగిలించుకొను చిన్న యద్దమొకటి వాని మేనమామ తెచ్చి యిచ్చియుండెను. తీసిన ప్రతి చిత్రమునందును ఒక మీసమో, వీపుమీది యొక చుక్కయో మాత్రము తేటగా నుండి, తక్కినదంతయు మంచు కప్పినట్లు మసకగా నుండెను. "అమ్మా, పుస్తకములలోని బొమ్మలలో పురుగంతయు స్పష్టముగా నున్నదే, నాకేల రాదు?" అని వాడు నన్నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు తెలిసికొన్న సంగతులను, ఆ వెదకులాటలో నేను చేసిన యొక పొరపాటును ఇందు వ్రాయుచున్నాను.

సూదిలో దారమెక్కించునపుడు సూదిని కంటికి దగ్గఱగా తెచ్చుకొందుము గదా! అప్పుడు సూదిబెజ్జము స్పష్టముగా కనబడును గాని, దాని వెనుకనున్న ద్వారబంధము మసకగానే యుండును. చూపును ద్వారబంధముపైకి మరల్చినచో సూది మసకబాఱును. కన్ను క్షణములో అటునిటు మాఱగలదు కావున ఈ లోపము మన గమనికకు రాదు. కెమేరా యద్దమునకు ఆ నేర్పు లేదు. అది యొక్క దూరమును పట్టుకొని నిలుచును. దూరముననున్న మనుష్యుని చిత్రమునందు ఆ మనుష్యుడును వెనుకనున్న గోడయు తేటగానే పడవచ్చును. వస్తువు దగ్గఱకు వచ్చినకొలదియు తేటగా కనబడు మేర సన్నగిల్లుచు వచ్చును. పురుగు మిక్కిలి దగ్గఱకు వచ్చినపుడు అది బియ్యపుగింజ మందమైనను ఉండదు. సూక్ష్మదర్శిని యద్దమును తగిలించి పది రెట్లు పెద్దదిగా చూపునపుడు కొన్ని మైక్రానులు మాత్రమే యుండును. మిల్లీమీటరులో వేయవ వంతునకు మైక్రానని పేరు. మన తలవెండ్రుక మందము సుమారు 75 మైక్రానులు.

చూపు మందగించినవారు కన్నులు చికిలించి చూచినట్లు, కెమేరా కంటిని చిన్నది చేసినచో కొంత మేలు కలుగును. కాని యా రంధ్రము మఱీ చిన్నదైనపుడు దానిగుండ పోవు వెలుతురు ప్రక్కలకు వ్యాపించి, చిత్రమంతయు మెత్తబడిపోవును. రంధ్రము పెద్దదైన నొక బాధ, చిన్నదైన నొక బాధ!

ఈ చిక్కును దాటుటకు ఛాయాచిత్రకారులు చేయు నుపాయమునకు ఫోకస్ స్టాకింగు అని పేరు. మనము పొరల పేర్పు అనవచ్చును. కెమేరాను కదలకుండ బిగించి, పురుగు మీసపుకొన తేటగా నుండునట్లు మొదటి చిత్రము తీయుదురు. పిమ్మట కెమేరాను వెండ్రుకవాసి ముందునకు జరిపి రెండవది, మఱికొంత జరిపి మూడవది - ఇట్లు వీపు కడకొనవఱకు తీసికొని పోవుదురు. ప్రతి చిత్రమందును ఒక సన్నని పొర మాత్రమే స్పష్టముగా నుండును. ఒక్క పూతరేకును ఎత్తి చూచిన ఆవలి వెలుగు కనబడును; దానినెవ్వరును మిఠాయి యనరు. పొరపై పొర చేర్చి మడిచిననే అది పూతరేకుల చుట్ట. ఇచ్చట మడుచు పని కంప్యూటరుది. ఏ చిత్రమున ఏ భాగము తేటగా నున్నదో చుక్కచుక్కకు పోల్చి చూచి, ఆ భాగములనే ఏఱి, ఒక్క చిత్రముగా కూర్చును. 2015వ సంవత్సరమున ఒలింపస్ కంపెనీవారు తమ కెమేరా యొకదానిలోనే ఎనిమిది చిత్రములను తీసి కలుపు నేర్పాటును చేసిరి.

చెప్పినంత సులభముగా పని జరుగదు. పురుగు మేనిమీది వెండ్రుకలు ఒకదాని కొకటి యడ్డముగా పోవుచోట్ల కంప్యూటరు పొరబడి, వాని చుట్టును తెల్లని జాడ నొకదానిని మిగుల్చును. దానిని చేతితో దిద్దుకొనవలెను. వంటయింట మిక్సీ తిరిగినను, వీధిలో లారీ పోయినను, తీయువాని యూపిరి తగిలినను పొరలు ఒకదానిపై నొకటి కుదురుకొనవు.

ఇంగ్లండునందు లెవాన్ బిస్ అను ఛాయాచిత్రకారుడు గలడు. ఆయన చిన్న కుమారుడు తోటలో నొక పురుగును పట్టి తెచ్చుటయు, దానిని సూక్ష్మదర్శినిలో చూచుటయు ఆయన నీ పనికి పురికొల్పినవట. ఈ మాట చదివినపుడు మా యింటి సంగతి తలచుకొని నవ్వుకొంటిని. 2016వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలయందు ఆయన చిత్రములను ప్రదర్శించిరి. ఆ శాలలో దాచియుంచిన పురుగులనే ఆయన తీసికొనెను. ఒక్కొక్క పురుగు శరీరమును సుమారు 30 భాగములుగా నెంచి, భాగభాగమునకు తగిన వెలుతురు నమర్చి, చిత్రమునకును చిత్రమునకును నడుమ కెమేరాను సుమారు 10 మైక్రానులు జరుపుచు, ఒక్క బొమ్మ కొఱకు 8,000కు పైగా చిత్రములు తీసెను. ఒక పురుగునకు పట్టిన కాలము సుమారు మూడు వారములు. గోరంత పురుగును మూడు మీటర్ల మేర గోడపై చూపిరి.

అమెరికాలో మేరీలాండు రాష్ట్రమునందలి ప్రభుత్వ తేనెటీగల పరిశోధనశాలవారు ఈ పద్ధతిచేతనే వేలకొలది చిత్రములు తీసి, ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని విడిచిపెట్టిరి. వారి పనిలో నాకు ముచ్చటగొలిపినది మఱియొకటి. పట్టిన యీగల రోమములు తడిసి అట్టకట్టియుండును. కావున వారు వానిని గిన్నెలు తోము సబ్బు కలిపిన వెచ్చని నీటిలో కడిగి, తల యారబెట్టుకొను యంత్రముతో ఆరబెట్టిన పిమ్మటనే చిత్రములు తీసిరి. ఆడుపిల్లలకు తలంటి పోసినట్లే గదా! అట్లు ఆరిన రోమములు ఈకలవలె కొమ్మలు గట్టి యుండుట ఆ చిత్రములలో కనబడును. పుప్పొడి వానికి చిక్కుకొనుటకు కారణ మదియే.

ఇట్టి బొమ్మను నిజమనవచ్చునా యని మావారొక సందేహము వెలిబుచ్చిరి. ఎనిమిదివేల చూపులను కలిపిన బొమ్మ ఏ యొక్క చూపునకును కనబడలేదు గదా యని వారి యాక్షేపణ. 1665వ సంవత్సరమున రాబర్టు హుక్ అను నింగ్లీషు పండితుడు సూక్ష్మదర్శినితో చూచి, రక్తపానపు పురుగైన ఫ్లీని పుస్తకపుటకంటె పెద్దదగు మడతకాగితముపై చిత్రించెను. ఆయనయు ఒక్క చూపుతో గీయలేదు. పలువిధముల వెలుతురులో, పలు ప్రక్కలనుండి చూచి, నిజమైన యాకారము తెలిసిన పిమ్మటనే కలము పట్టెను. చీమ కదలకుండుటకు దానిని బ్రాందిలో ముంచెనట! అందుచేత ఈ బొమ్మలు అబద్ధములు కావనియే నా యభిప్రాయము. మావారింకను ఒప్పుకొనలేదు.

ఆ చీమ కథలోనే అసలు చిక్కున్నది. పొరలు కుదురవలెనన్న పురుగు కదలరాదు. చల్లబఱచిన పురుగు మొద్దుబాఱి నిలిచియుండునని మావాడెచ్చటనో చదివి, అక్షింతల పురుగునొక డబ్బీలో పెట్టి నాకిచ్చెను. త్వరగా పని కావలెనని నేను దానిని ఫ్రిజ్జులో మంచుగడ్డలు కట్టు నఱయందుంచితిని. ఇంతలో చుట్టములు వచ్చిరి. వంటలలో పడి మఱచితిని. మఱునాడు తీసిచూడగా అది చచ్చియుండెను. దినమునకు పదులకొలది పేనుబంక పురుగులను తిని మన పాదును కాపాడు జీవిని నా చేతులతో చంపితిని. వాడు నన్నేమియు ననలేదు. అదియే నాకు కష్టముగా నుండెను.

ప్రదర్శనశాలలో ఎన్నడో దాచిన పురుగుల సంగతి వేఱు. 2022లో న్యూయార్కునందలి ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో బిస్ నశించిన, నశించుచున్న 40 జాతుల పురుగుల చిత్రములను పెద్దవిగా చేసి చూపెను. నశించిపోయిన జాతిని మఱియెట్లు చూడగలము? పెరటిలో తిరుగు పురుగును ఒక బొమ్మకై చంపుట మాత్రము నాకు సమ్మతము గాదు.

దానికి వేఱు మార్గము కలదు. పురుగుల రక్తమునకు మనవలె స్వంత వేడి యుండదు. ఎండ తగిలి మేను వెచ్చబడువఱకు వానిలో పెక్కు చురుకుగా కదలలేవు. కావున శీతకాలమున తెల్లవారుజామున మంచుబిందువులతోడనే తూనీగలు గడ్డిపోచలపై నిలిచియుండును. నీలిపట్టెల తేనెటీగలలో మగవి రాత్రివేళ సన్నని కాడలను దవడలతో కఱచి పట్టుకొని నిద్రించును. గాలి లేని ప్రొద్దున ఇట్టివానిని పది పదునైదు పొరలలో తీయవచ్చును. సూర్యుడు పైకి వచ్చినచో పని ముగిసినట్లే.

మాఘమాసమున ఒకనాటి యుదయము నేను దీపము పట్టుకొనగా, వాడు ఫోనును పీటపై నానించి చిక్కుడాకుపైనున్న యక్షింతల పురుగును పదునాలుగు చిత్రములు తీసెను. మావారు వానిని కంప్యూటరుపై కలిపి యిచ్చిరి. తలయని మేము తలచినది తల కాదు. మెడమీది డాలువంటి పెంకు. దానిమీది తెల్లమచ్చలను ఇన్నాళ్లు కన్నులని భ్రమపడితిమి. నిజమైన తల దానిక్రింద, చిన్నదిగా, గుండ్రని నల్లకన్నులతో నుండెను. పదవ చిత్రమునకు అది కాలు కదల్చినది కాబోలు, వెనుక కాలొకటి రెండుగా పడినది.

చచ్చిన పురుగునుకూడ వాడు నలుబది పొరలలో తీసియుండెను. అందొక్క రోమమైనను చెదరలేదు. ఆ బొమ్మ ఫోనులోనే యున్నది. వాడు దానినెవ్వరికిని చూపడు. రెండుకాళ్లుగా పడిన బొమ్మయే మా వంటయింటి గోడమీద నున్నది.